కిడ్నీకీ ఏటా ఒక లైఫ్ సర్టిఫికెట్

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా ఆదిభట్లలో జరిగిన మన సంఘ సభ్యుల, కుటుంబ సభ్యుల సమావేశంలో ఒక విశ్రాంత ల్యాబ్ టెక్నీషియన్ చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఇదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు, పింఛను అనేది ప్రభుత్వం దయతలచి ఇచ్చే దానం కాదు, చేసిన సేవకు దక్కే హక్కు అని తేల్చి చెప్పింది. అందుకని ఏటా ఈ సభలో కరువు భత్యం, బకాయిలు, మెడికల్ బిల్లుల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి మన కార్యదర్శిగారు నన్ను పిలిచి, "ముప్పయ్యేళ్ళు జనం రక్తం, మూత్రం పరీక్ష చేసినవారు, కిడ్నీల గురించి నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. నేను డాక్టరును కాను. ప్రభుత్వ ఆసుపత్రి ల్యాబులో సూక్ష్మదర్శిని ముందు కూర్చుని రిటైరైనవాణ్ణి. నేను చెప్పేది వినండి, ఆలోచించండి. కానీ మందు మార్చాలన్నా, మానాలన్నా మీ డాక్టరుగారి మాటే ప్రమాణం.

అయితే ఒక అర్హత మాత్రం నాకుంది. నేను కిడ్నీ రోగిని.

నా సొంత కథ

రిటైరయ్యాక నాకు మోకాళ్ళ నొప్పులు పట్టుకున్నాయి. అప్పటికే బి.పి.కి ఒక మాత్ర, కాళ్ళ వాపుకని మూత్రం ఎక్కువగా పోయే మాత్ర ఒకటి వేసుకుంటున్నాను. నొప్పి భరించలేనప్పుడు మందుల షాపుకు వెళ్ళి డైక్లోఫినాక్ మాత్రలు ఒక స్ట్రిప్ కొనుక్కునేవాణ్ణి. చీటీ ఎవరూ అడగలేదు, నేనూ ఎవరికీ చెప్పలేదు. మొదట వారానికి ఒకటి, తరువాత రోజుకు ఒకటి, పెళ్ళిళ్ళ సీజనులో రెండు. అట్లా దాదాపు ఆరేళ్ళు గడిచాయి.

నాకు 60 ఏళ్ళప్పుడు క్రియాటినిన్ 1.1. ఆ తరువాత ఎనిమిదేళ్ళు పరీక్షే చేయించుకోలేదు. వేలమందికి సూది గుచ్చి రక్తం తీసిన చేతులకు, నా రక్తం ఒక్కసారి తీయించుకోవాలనే బుద్ధి పుట్టలేదు. 68 ఏళ్ళప్పుడు వాపు చీలమండలు దాటి పైకి వచ్చింది. అప్పుడు చేయిస్తే 1.9. కాగితం చూసిన క్షణంలోనే నాకు విషయం తెలిసింది. ఇట్లాంటి కాగితాలు ఎన్ని ఇచ్చానో నాకే లెక్క లేదు.

ఇక్కడ నేను చేసిన అసలు తప్పు చెప్తాను. ఆ రిపోర్టును పాత బ్యాంకు పాసుపుస్తకాలున్న కవరులో దాచిపెట్టాను. అబ్బాయి అప్పుడే అప్పు చేసి ఇంటి మీద పై అంతస్తు వేస్తున్నాడు. చెబితే పని ఆపుతాడు, నన్ను పట్టుకుని ఆసుపత్రుల చుట్టూ తిరుగుతాడు, నేను బరువైపోతాను అనుకున్నాను. ఎనిమిది నెలలు దాచాను. ఆ ఎనిమిది నెలలూ నొప్పి మాత్రలు మింగుతూనే ఉన్నాను. ఒకరోజు మా ఆవిడ ఏదో కాగితం వెతుకుతూ దాన్ని బయటికి తీసింది. గొడవ పెట్టలేదు. నా ముందు పెట్టి ఒక్క మాట అన్నది: "ఊరందరి రిపోర్టులు చదివి చెప్పిన్రు గదా, మీ రిపోర్టు నాకు చదివి చెప్పరాదా?"

నా దగ్గర జవాబు లేదు. మర్నాడు డాక్టరు దగ్గరికి వెళ్ళాం. నొప్పి మాత్రలు ఆపించారు, బి.పి. మందులు సరిచేశారు, ఉప్పు తగ్గించమన్నారు. ఇప్పుడు నాకు 71 ఏళ్ళు. క్రియాటినిన్ 1.6 దగ్గర నిలబడి ఉంది. పోయినదంతా తిరిగి రాలేదు, రాదు కూడా. మిగిలినదాన్ని కాపాడుకుంటున్నాను.

ఆ మూడు మాత్రలు విడివిడిగా చెడ్డవి కావు. బి.పి. మాత్రల్లో కొన్ని రకాలు, మూత్రం ఎక్కువగా పోయే మాత్ర, నొప్పి మాత్ర - మూడూ ఒకే ఒంట్లో కలిస్తే కిడ్నీలోని వడపోతకు కావలసిన రక్తపు ఒత్తిడి పడిపోతుంది. దానికి తోడు ఎండదెబ్బో, విరేచనాలో తగిలితే కొద్దిరోజుల్లోనే కిడ్నీ దెబ్బ తినవచ్చు. వాంతులు, విరేచనాలు పట్టుకున్నరోజున ఏ మాత్ర వేసుకోవాలి, ఏది ఆపాలి అని ముందుగానే మీ డాక్టరును అడిగి కాగితం మీద రాయించుకోండి.

మూత్రపిండం చేసే పని

మన నడుము పైభాగంలో వెన్నెముకకు అటొకటి ఇటొకటి రెండు మూత్రపిండాలున్నాయి. ఒక్కొక్కటి 150 గ్రాముల బరువు ఉంటుంది. ఒక్కోదానిలో సుమారు పది లక్షల సన్నని జల్లెడలు. ఇవి రోజుకు 180 లీటర్ల దాకా వడపోసి, అందులో మనకు కావలసినదంతా తిరిగి రక్తంలోకి పంపించి, లీటరున్నరో రెండు లీటర్లో మూత్రంగా బయటికి వదులుతాయి. అంతేకాదు. రక్తం పట్టడానికి కావలసిన హార్మోను తయారుచేసేది కిడ్నీయే. డి విటమిన్‌ను ఒంటికి పనికొచ్చే రూపంలోకి మార్చేది కిడ్నీయే. బి.పి.ని అదుపులో పెట్టేదీ కిడ్నీయే. అందుకే కిడ్నీ రోగికి రక్తం తగ్గుతుంది, ఎముకలు బలహీనపడతాయి, బి.పి. పెరుగుతుంది.

దీనిలో ఒక చిక్కు ఉంది. కిడ్నీకి నొప్పి రాదు. రాయి అడ్డం పడితే నొప్పి వస్తుంది గాని, మెల్లగా అరిగిపోతున్నప్పుడు చెప్పదు. సగానికి పైగా పోయినా మనిషి లేచి తిరుగుతూనే ఉంటాడు. "నాకేం బాధలేదు కదా" అనే మాట ఈ జబ్బు విషయంలో పనికిరాదు.

1.2 అందరికీ ఒకటి కాదు

ల్యాబులో కూర్చున్నప్పుడు నేను ఎన్నోసార్లు విన్న ప్రశ్న: "సార్, క్రియాటినిన్ 1.2 వచ్చింది, నార్మలేనా?" కాగితం మీద నార్మల్ గీత లోపలే ఉంది కాబట్టి నేనూ తల ఊపేవాణ్ణి. ఇప్పుడు ఊపను. క్రియాటినిన్ కండరాల నుంచి వస్తుంది. కండ ఎక్కువ ఉన్నవారికి ఎక్కువ, వయసుతో కండ తరిగినవారికి తక్కువ. అందుకని అంకె ఒకటే అయినా అర్థం వేరు.

ఇప్పుడు వాడుకలో ఉన్న 2021 నాటి సూత్రం ప్రకారం లెక్క వేసి చూశాను. 25 ఏళ్ళ యువకుడికి క్రియాటినిన్ 1.2 ఉంటే అతని కిడ్నీల వడపోత సుమారు 86. అదే 1.2 ఒక 72 ఏళ్ళ మన అక్కయ్యకు ఉంటే ఆమె వడపోత సుమారు 48. ఆ అబ్బాయికి భయం లేదు. ఈ అక్కయ్యకు మాత్రం, మూడు నెలలకు మళ్ళీ చేసినా 60 లోపే వస్తే, అది దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి కింద లెక్క. ఈ వడపోత అంకెను రిపోర్టులో ఇ.జి.ఎఫ్.ఆర్. అని రాస్తారు. రాయకపోతే రాయమని అడగండి.

ఈమధ్య పత్రికల్లో "వ్యక్తిగత వైద్యం" అనే మాట ఎక్కువగా కనబడుతోంది. అదేదో అమెరికాలో జన్యువులు చదివి చేసే ఖరీదైన వైద్యం అనుకుంటాం. దాని మొదటి మెట్టు ఇదే. ఒకే అంకెను మనిషి వయసును బట్టి, స్త్రీ పురుష భేదాన్ని బట్టి చదవడం. దీనికి పైసా ఖర్చు లేదు.

ఉప్పు ప్యాకెట్ లెక్క

మన తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో చిన్న పరిశోధన విభాగంగా మొదలై, తరువాత హైదరాబాదుకు తరలివచ్చింది. ఆ సంస్థవారు 2024లో భారతీయుల ఆహార సూచనలను సవరించి విడుదల చేశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పినా, వీరు చెప్పినా ఉప్పు విషయంలో ఒకటే మాట - మనిషికి రోజుకు 5 గ్రాములు మించకూడదు. అంటే ఒక చిన్న చెంచా.

5 గ్రాములు అంటే వంటింట్లో ఎవరికి అర్థమవుతుంది? అందుకని నేనొక పని చేశాను. కొత్త ఉప్పు ప్యాకెట్ విప్పినరోజున దాని మీద పెన్నుతో తేదీ వేశాను. మా ఇంట్లో మేమిద్దరమే తింటాం. అబ్బాయివాళ్ళ వంట పైన వేరే. ఇద్దరికీ కలిపి రోజుకు 10 గ్రాములైతే కిలో ప్యాకెట్ వంద రోజులు రావాలి. మా ప్యాకెట్ నలభై రోజులకు అయిపోయింది! అంటే మనిషికి రోజుకు పన్నెండున్నర గ్రాములు. ఇది కాక మామిడికాయ తొక్కు, అప్పడాలు, ఊరమిరపకాయలు, సాయంత్రం మిక్చరు, బేకరీ బిస్కెట్లు లెక్కలోకి రాలేదు. మా ఆవిడ ఆ తేదీ చూసి చాలాసేపు మాట్లాడలేదు. ఇప్పుడు మా ప్యాకెట్ ఎనభై రోజులు వస్తోంది. వంద రోజులకు ఇంకా చేరలేదు. మీరూ ఇంటికి వెళ్ళగానే ప్యాకెట్ మీద తేదీ వేయండి. వచ్చే సమావేశానికి లెక్క చెప్పండి.

రుచి తగ్గిందని మొదటి రెండు మూడు వారాలు బాధపడతాం. తరువాత నాలుకే అలవాటు పడుతుంది. నిమ్మరసం, అల్లం, వెల్లుల్లి, జీలకర్ర, కొత్తిమీర, పుదీనా మన చేతిలోనే ఉన్నాయి. పచ్చిపులుసులో ఉల్లిపాయ, పచ్చిమిర్చి సరిగ్గా పడితే ఉప్పు సగమైనా సరిపోతుంది.

ఒక హెచ్చరిక. బజారులో "తక్కువ సోడియం ఉప్పు" అని అమ్ముతారు. దానిలో సోడియం తగ్గించి పొటాషియం కలుపుతారు. కిడ్నీ బాగున్నవారికి అది మేలే. కిడ్నీ దెబ్బ తిన్నవారికి, కొన్ని రకాల బి.పి. మాత్రలు వాడేవారికి పొటాషియం పెరిగి గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. డాక్టరును అడగకుండా కొనవద్దు.

కంచంలో ఏముంది

ఆహారం విషయంలోనూ ఒకరికి చెప్పింది మరొకరికి పనికిరాదు. కిడ్నీ జబ్బు అనగానే చుట్టాలందరూ కొబ్బరిబోండాలు, అరటిపండ్లు పట్టుకుని వస్తారు. ప్రేమతోనే తెస్తారు. ఆరోగ్యవంతుడికి అవి మంచివే. రక్తంలో పొటాషియం ఎక్కువగా ఉన్న కిడ్నీ రోగికి ఆ బోండమే ముప్పు. అట్లాంటివారు ఆకుకూరలు, దుంపలు చిన్న ముక్కలుగా తరిగి, ఎక్కువ నీళ్ళలో ఉడికించి ఆ నీళ్ళు పారబోసి వండుకుంటే పొటాషియం కొంత తగ్గుతుంది. అయితే పొటాషియం సరిగ్గా ఉన్నవారు భయపడి పండ్లు, కూరలు మానేయడం కూడా తప్పే. రక్తపరీక్షే చెప్పాలి. నక్షత్రం ఆకారంలో ముక్కలయ్యే కమ్రక్ పండు ఒకటుంది. కిడ్నీ రోగులు దాన్ని అసలు ముట్టుకోకూడదు. దానిలోని పదార్థం మెదడు మీద పనిచేసి వెక్కిళ్ళు, మూర్ఛలు తెప్పిస్తుంది.

మాంసకృత్తుల సంగతి. సాధారణంగా మనిషి బరువులో కిలోకు 0.8 గ్రాములు చాలు. 60 కిలోల మనిషికి 48 గ్రాములు. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు ఉంటుంది. కిడ్నీ బలహీనపడ్డవారికి డాక్టరు ఇంకొంచెం తగ్గించవచ్చు. డయాలిసిస్ మొదలైతే మళ్ళీ పెంచమంటారు, ఎందుకంటే డయాలిసిస్‌లో కొంత పోతుంది. మన వయసువారు ఎవరో చెప్పారని పప్పు, గుడ్డు, పెరుగు ఒక్కసారిగా మానేస్తే కండ కరిగి, నడవలేక, పడిపోయి తుంటి ఎముక విరగ్గొట్టుకుంటారు. ఇటువైపు యువకులు జిమ్ములో డబ్బాలకొద్దీ ప్రొటీన్ పొడి తాగుతున్నారు. ఇంట్లో కిడ్నీ జబ్బు, షుగరు చరిత్ర ఉన్న పిల్లలు ముందుగా ఒక పరీక్ష చేయించుకోవడం మంచిది.

ఫాస్ఫరస్ అనేది మరొకటి. కిడ్నీ పాడైతే అది రక్తంలో పేరుకుని ఎముకల్లోని కాల్షియంను లాగేస్తుంది, రక్తనాళాలను గట్టిపరుస్తుంది. నల్లటి కూల్ డ్రింకులలో, ప్యాకెట్ ఆహారాల్లో కలిపిన ఫాస్ఫేటు తేలిగ్గా ఒంటికి పడుతుంది. ఇక్కడ మనందరం గర్వించవలసిన ముచ్చట ఒకటి ఉంది. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో రంగును బట్టి కొలిచే పద్ధతిని 1925లో హార్వర్డులో ఫిస్క్ అనే ఆచార్యుడితో కలిసి కనిపెట్టింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అని ప్రపంచమంతా ల్యాబుల్లో చదువుకున్నాం. గాజుగొట్టంలో నీలిరంగు తేలినప్పుడల్లా నాకు ఆయన గుర్తుకు వచ్చేవారు.

షుగరు తగ్గిందని సంబరపడకండి

కిడ్నీ పాడవడానికి మన దగ్గర మొదటి కారణం షుగరు, బి.పి. మరో ముఖ్య కారణం. షుగరు గురించి మన మిత్రుడొకరి కథ చెప్పాలి. ఆయన ఇప్పుడు లేరు. పేరు చెప్పను. పదిహేనేళ్ళుగా ఇన్సులిన్ వేసుకునేవారు. ఒక సంవత్సరం చూస్తే షుగరు తనంత తానే తగ్గుతూ వచ్చింది. డాక్టరు డోసు తగ్గించారు, మళ్ళీ తగ్గింది. ఆయన సంతోషం పట్టలేక మాకందరికీ మిఠాయి పంచారు. ఎవరో ఇచ్చిన నాటు మందు పనిచేసిందని పదిమందికి చెప్పారు. ఒక రాత్రి షుగరు బాగా పడిపోయి స్పృహ తప్పారు. ఆసుపత్రిలో చూస్తే క్రియాటినిన్ 6.

జరిగిందేమిటంటే, ఒంట్లోని ఇన్సులిన్‌ను విరిచి బయటికి పంపే పనిలో కొంత కిడ్నీది. కిడ్నీ పాడైతే ఇన్సులిన్ ఎక్కువసేపు ఒంట్లోనే ఉండిపోతుంది. అందుకే షుగరు పడిపోతుంది. జబ్బు తగ్గలేదు, ఇంకొక జబ్బు పెరిగింది. ఆ తరువాత మూడేళ్ళు ఆయన వారానికి మూడుసార్లు తెల్లవారుజామున లేచి డయాలిసిస్‌కు వెళ్ళేవారు. ఆయన భార్య టిఫిను డబ్బా పట్టుకుని నాలుగు గంటలు వరండాలో కూర్చునేది. ఆ అక్కయ్య ఈరోజు ఈ సభలోనే ఉన్నారు. ఈ ముచ్చట చెప్పమని నాకు అనుమతి ఇచ్చింది ఆమే.

కాబట్టి, తిండి మారకుండా, నడక పెరగకుండా షుగరు తనంతట తానే తగ్గుతుంటే సంతోషించకండి. క్రియాటినిన్ చూపించుకోండి. నాటు మందుల్లో, కొన్ని భస్మాల్లో పాదరసం, సీసం వంటి లోహాలుండి కిడ్నీని దెబ్బతీసిన సంఘటనలు ఎన్నో ఉన్నాయి. ఏ వైద్యమైనా సరే, అందులో ఏముందో చెప్పలేనివారి దగ్గర మందు తీసుకోవద్దు.

నీళ్ళ సంగతి

మన ఇబ్రహీంపట్నం పక్కనే మర్రిగూడ, మునుగోడు. అక్కడి బోరునీళ్ళలోని ఫ్లోరైడ్ ఎంతమంది కాళ్ళు వంచిందో మనం కళ్ళతో చూశాం. ఒంట్లోకి వెళ్ళిన ఫ్లోరైడ్‌ను బయటికి పంపేవి మూత్రపిండాలే. కిడ్నీ బలహీనమైతే అది ఇంకా ఎక్కువగా ఎముకల్లో పేరుకుంటుంది. పటికతో, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచంలో "నల్లగొండ పద్ధతి" అనే పేరు ఉంది. మన పక్క జిల్లా పేరు అట్లా పుస్తకాలకెక్కింది. బోరు నీళ్ళు తాగేవారు ఒకసారి పరీక్ష చేయించుకోవాలి.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం సంగతి మీరు పత్రికల్లో చదివే ఉంటారు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస ప్రాంతం. కొబ్బరి, జీడితోటలతో పచ్చగా ఉండే నేల. అక్కడ షుగరు, బి.పి. లేని రైతులకు, కూలీలకు కూడా కిడ్నీలు పాడవుతున్నాయి. నీళ్ళా, నేలా, ఎండలో చెమటోడ్చి నీళ్ళు తాగకపోవడమా, నొప్పి మాత్రలా, జన్యువులా - పరిశోధకులు ఎన్నో వెతికారు గాని, ఇదొక్కటే కారణమని తేలలేదు. శ్రీలంకలో వరి రైతులకు, మధ్య అమెరికాలో చెరుకు కోత కూలీలకు ఇట్లాంటి జబ్బే ఉంది. హిరమండలం జలాశయం నుంచి ఉద్దానానికి మంచినీటి పథకం, పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి.

దీని నుంచి మనం నేర్చుకోవలసింది ఉంది. ఇవాళ మన ఆదిభట్ల చుట్టూ విమాన భాగాల కర్మాగారాలు, కంప్యూటర్ కంపెనీలు, లెక్కలేనన్ని కట్టడాలు వచ్చాయి. ఏప్రిల్, మే ఎండల్లో స్లాబు మీద పనిచేసే కూలీకి గంటగంటకూ నీళ్ళు, కాస్త నీడ ఇవ్వడం దయ కాదు, అతని కిడ్నీకి రక్షణ. మీ ఇంటి పని జరుగుతుంటే ముందు నీళ్ళ కుండ పెట్టండి.

మరి మనం ఎంత తాగాలి? అందరికీ ఒకటే లెక్క లేదు. రాళ్ళు వచ్చినవారు రోజుకు రెండు రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేటట్టు తాగాలి. గుండె బలహీనమైనవారు, డయాలిసిస్‌లో ఉన్నవారు కొలిచి తాగాలి. మనలో చాలామందికి ఇంకొక అలవాటు ఉంది. ట్రెజరీకో బ్యాంకుకో వెళ్ళాలంటే, అక్కడ మూత్రానికి చోటు దొరకదని పొద్దున్నుంచీ నీళ్ళే తాగం. ఆడవారు ఉద్యోగమంతా అట్లాగే గడిపారు. రాత్రి నాలుగుసార్లు లేవాల్సి వస్తోందని మగవారు సాయంత్రం నుంచి నీళ్ళు మానేస్తారు. లేవడం ప్రొస్టేట్ గ్రంథి పెరగడం వల్ల కావచ్చు. మూత్రం పూర్తిగా రాక లోపలే నిలిచిపోతే, ఆ ఒత్తిడి పైకి తన్ని కిడ్నీలు పాడవుతాయి. సిగ్గుపడకుండా చూపించుకోండి.

మనిషిని బట్టి మందు

నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో కిడ్నీ పోయిందంటే మనిషి పోయినట్లే. హాలెండులో విలెం కాల్ఫ్ 1943లో మొదటి డయాలిసిస్ యంత్రం తయారుచేశాడు. 1954లో అమెరికాలోని బోస్టన్‌లో కవల సోదరుల మధ్య మొదటి విజయవంతమైన కిడ్నీ మార్పిడి జరిగింది. మన దేశంలో 1971లో వెల్లూరులో జరిగింది. మన రాష్ట్రంలో మరణానంతరం అవయవదానానికి జీవన్‌దాన్ పథకం 2013 నుంచి నడుస్తోంది.

ఇప్పుడు డయాలిసిస్ దాకా వెళ్ళకుండా ఆపే మందులు వచ్చాయి. ఆపిల్ చెట్టు బెరడులో 1835లో దొరికిన ఒక పదార్థం మూత్రంలో చక్కెరను పోయేటట్టు చేస్తుందని తెలిసింది. ఆ దారిలో తయారైనవే డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ మాత్రలు. షుగరు కోసం వచ్చాయి గాని, షుగరు లేని కిడ్నీ రోగులకు కూడా జబ్బు ముదరడాన్ని నెమ్మదింపజేస్తాయని 2020 నుంచి వచ్చిన పెద్ద పరిశోధనల్లో తేలింది. మొదటిదాని పేటెంట్లు ముందే, రెండోదానిది 2025 మార్చిలో ముగియడంతో మన కంపెనీల మాత్రలు చవకయ్యాయి. అందరికీ సరిపడవు. కొందరికి మూత్రకోశ ప్రాంతంలో ఇన్ఫెక్షన్ వస్తుంది, ఉపవాసాల రోజుల్లో జాగ్రత్త కావాలి. "నాకు ఈ మందు పనికొస్తుందా?" అని డాక్టరును అడిగే హక్కు మనకుంది.

షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్ మంచి మందు. కాని వడపోత 30 లోపు పడితే ఆపాలి. అంటే మందు పేరు ఒకటే అయినా డోసు మన కిడ్నీని బట్టి మారుతుంది. ఏ కొత్త డాక్టరు దగ్గరికి వెళ్ళినా, పంటి డాక్టరైనా సరే, ముందు మీ వడపోత అంకె చెప్పండి.

ఇక జన్యువుల సంగతి. కిడ్నీ మార్పిడి తరువాత వాడే టాక్రోలిమస్ అనే మందును కొందరి శరీరం తొందరగా కరిగించేస్తుంది. వారికి ఎక్కువ డోసు కావాలి. ఇది ఒక జన్యువు మీద ఆధారపడి ఉంటుంది. మత్తుమందు విషయంలోనూ ఇట్లాంటిదే ఉంది. ఆపరేషన్లప్పుడు కండరాలు సడలడానికి ఇచ్చే ఒక మందు, మన వైశ్య కుటుంబాల్లో కొందరికి త్వరగా దిగదు. దాన్ని విరిచే ఎంజైము వారికి పుట్టుకతోనే తక్కువ. మన మత్తు డాక్టర్లకు ఇది ఎప్పటినుంచో తెలుసు. ఉప్పల్ రోడ్డులోని సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తలు కూడా దీని జన్యు మూలం గురించి 2017లో రాశారు. ఇది లోపమని చిన్నబుచ్చుకోవలసింది కాదు. తెలిసి ఉంటే చాలు, డాక్టరు వేరే మందు వాడతారు.

అట్లాగని అందరూ జన్యు పరీక్షలకు పరుగెత్తనక్కరలేదు. మన ఇంటి వంశవృక్షమే మొదటి జన్యు పరీక్ష. కిడ్నీలో నీటి తిత్తులు పెరిగే జబ్బు తల్లికో తండ్రికో ఉంటే పిల్లల్లో ఒక్కొక్కరికి సగం అవకాశం ఉంటుంది. మీ నాన్నగారికి, మేనమామకు ఏ జబ్బు ఉండేదో, ఏ మందు పడలేదో ఒక కాగితం మీద రాసి పిల్లల చేతికివ్వండి. పొలం పత్రాలు ఎంత జాగ్రత్తగా అప్పగిస్తామో దీన్నీ అంత జాగ్రత్తగా అప్పగించాలి.

ఏటా ఒక సర్టిఫికెట్

పింఛను ఆగకుండా మనం బ్రతికే ఉన్నామని ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇస్తున్నాం. ఆ నెలలోనే కిడ్నీకి కూడా ఒక లైఫ్ సర్టిఫికెట్ తీసుకుందాం. దానికి రెండే పరీక్షలు.

ఒకటి, రక్తంలో క్రియాటినిన్, దానితో ఇ.జి.ఎఫ్.ఆర్.

రెండు, మూత్రంలో ఆల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి. 30 లోపు ఉంటే మంచిది. 30 నుంచి 300 మధ్య ఉంటే జాగ్రత్త. 300 దాటితే వెంటనే కిడ్నీ డాక్టరు దగ్గరికి. మూత్రంలో నురుగు వచ్చి నిలిచిపోతుంటే ఈ పరీక్ష తప్పదు.

వీటితోపాటు ఇంట్లో బి.పి. చూసుకోండి. ఐదు నిమిషాలు కుదురుగా కూర్చున్నాకే చూడాలి. 130/80 దగ్గర ఉంచాలని డాక్టర్లు చెప్తున్నారు గాని, పెద్ద వయసులో తల తిరిగి పడిపోయేవారికి వేరే గీత పెడతారు. రోజూ అరగంట నడవండి. బీడీ, సిగరెట్టు, చుట్ట మానండి. అవి కిడ్నీ రక్తనాళాలను కూడా బిగిస్తాయి. రాత్రి ఏడు గంటలు నిద్రపోండి. నొప్పి మాత్ర మీ అంతట మీరు కొనవద్దు.

ఆఖరుగా ఇక్కడున్న కొడుకులకు, కోడళ్ళకు, కూతుళ్ళకు, అల్లుళ్ళకు ఒక మనవి. మీ పెద్దవాళ్ళు జబ్బు దాచిపెడతారు. మీరంటే లెక్కలేక కాదు, మీకు భారం కాకూడదని. నెలకోసారి వాళ్ళ మాత్రల డబ్బా మీరే తెరిచి చూడండి. చీటీలో లేని స్ట్రిప్ ఏదైనా ఉందేమో చూడండి. పాత పాసుపుస్తకాల కవరు కూడా ఒకసారి చూడండి.

నా తోటి పెన్షనర్లకు చెప్పేది ఒక్కటే. చెబితే బరువైపోతామనుకుని నేను ఎనిమిది నెలలు దాచాను. చెప్పినరోజు రాత్రి మా అబ్బాయి నా పక్కన కూర్చుని, "బాపూ, పై అంతస్తు ఇంకో ఏడాదికి వేసుకుంటం, నువ్వు ఇంకో ఏడాదికి దొరుకుతవా?" అన్నాడు. పై అంతస్తు ఏడాది ఆలస్యంగానే పూర్తయింది. గృహప్రవేశంనాడు మెట్లు నేనే ఎక్కాను, మెల్లగా, నొప్పి మాత్ర వేసుకోకుండా.

భోజనాల దగ్గర అప్పడం వద్దన్నవారిని బలవంతపెట్టకండి.